పుట్టుకతో వచ్చు లోపములు: తల్లి తప్పు కాదు, దాచవలసినది కాదు

మా దగ్గర బంధువుల యింట కొన్ని సంవత్సరముల క్రిందట మగబిడ్డ పుట్టినాడు. ఇల్లు షోలాపురములో, తాతల నాటినుండి మగ్గము నమ్ముకొన్న కుటుంబము. బిడ్డకు పై పెదవి ముక్కువరకు చీలియున్నది. బారసాల జరుగలేదు. తొట్టెకు అడ్డముగా పాత చీర కట్టిరి. చూడవచ్చినవారితో బిడ్డ నిద్రపోవుచున్నాడని చెప్పి పంపివేసిరి. "గ్రహణం పూట కత్తిపీట ముట్టవద్దని చెప్పితిని. విన్నావా?" అని అత్తగారు కోడలిని అడుగుచుండగా నేను చెవులార విన్నాను. ఆ పిల్ల బదులు చెప్పలేదు. రొమ్ము పట్టలేక బిడ్డ ఏడ్చుచుండెను. బిడ్డను చూచి తల్లి ఏడ్చుచుండెను.

నెల దాటిన తరువాత ఎట్లో ఒప్పించి ఒక వైద్యురాలివద్దకు తీసికొనిపోయితిమి. అత్తగారు అక్కడను గ్రహణము మాటే ఎత్తినది. వైద్యురాలు కోపపడలేదు. "గ్రహణము పట్టినప్పుడు నీకు ఎన్నవ నెలమ్మా?" అని కోడలిని అడిగినది. "ఏడవ నెల" అన్నది ఆమె. "బిడ్డ పెదవి రెండవ నెలలోనే తయారైపోవును. రెండవ నెలలో ముగిసిన పనిని ఏడవ నెలలో వచ్చిన గ్రహణము ఎట్లు చెడగొట్టును?" అని వైద్యురాలు అడిగినది. అత్తగారు చాలసేపు ఊరకున్నది. చీర నేసి, మడత పెట్టి, అంగడికి పంపిన తరువాత ఇంటిలో కత్తిపీట పట్టినచో ఆ చీర చిరుగదు గదా! నేతపని చేయువారికి ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

తెలుగులో ఈ లోపమునకు "గ్రహణము మొర్రి" అను పేరు స్థిరపడినది. పేరు ఉన్నంతకాలము నింద కూడ ఉండును. ఆ నింద తీసివేయుటకును, చేయదగిన పనులు ఏవో మన యిండ్లలో తెలియుటకును ఈ పాఠము.

1. లోపము ఎప్పుడు ఏర్పడును?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము పుట్టు ప్రతి నూరుమంది శిశువులలో సుమారు ఆరుగురికి పుట్టుకతో వచ్చిన లోపము ఏదో యొకటి ఉండును. కొన్ని చిన్నవి, కొన్ని ప్రాణముమీదికి తెచ్చునవి. గుండెలో రంధ్రములు, పెదవి లేక అంగిలి చీలిక, పాదములు లోపలికి తిరిగియుండుట, వెన్నెముక సరిగా మూసుకొనకపోవుట, పుట్టుచెవుడు, కంటిలో పుట్టు శుక్లము మన యెరుకలో తరచు కనబడునవి. ధనవంతుల యింట, బీదల యింట, అన్ని కులములలో, అన్ని దేశములలో ఇవి ఉన్నవి. కనుక ఇది ఒకరి పాపమని యెంచుట అవివేకము.

మనము బిడ్డ పెరుగుట తొమ్మిది నెలల పని యనుకొందుము. పెరుగుట తొమ్మిది నెలలదే గాని, అవయవములు రూపు కట్టుట మాత్రము దాదాపు మొదటి మూడు నెలలలోనే ముగియును. పెదవి నాలుగవ వారమునుండి ఏడవ వారములోపల కలిసికొనును. అంగిలి ఆరవ వారమునుండి తొమ్మిదవ వారములోపల మూసుకొనును. వెన్ను ఇంకను ముందు. మొదట అది చదునైన పట్టీవలె ఉండును. దాని రెండంచులు లేచి, చాపను చుట్టినట్లు దగ్గరకు వచ్చి, గొట్టముగా అతుకుకొనును. గర్భము నిలిచిన 28వ దినమునాటికి ఈ పని అయిపోవలెను. ఎక్కడనైన అంచులు కలియకపోయినచో అక్కడ వెన్ను తెరచుకొనియే యుండును. దానిని వైద్యులు స్పైనా బైఫిడా అందురు. అట్టి బిడ్డలకు కాళ్ళు చచ్చుబడుట, మూత్రము పట్టు తప్పుట, తలలో నీరు చేరుట సంభవించును. పైభాగమున మూసుకొనకపోయినచో మెదడే సరిగా ఏర్పడదు. ఆ బిడ్డ బ్రతుకదు.

28 దినములనగా, నెల తప్పినదని స్త్రీకి తెలిసిన తరువాత రెండు వారములు మాత్రమే. పరీక్ష చేయించి, పెద్దలకు చెప్పి, ఆసుపత్రికి పోవునప్పటికి ఆ గడువు దాటిపోవును. పడుగు పోయునప్పుడు తప్పిన పోగు మగ్గము మీద నేయుచున్నప్పుడు గాని కంటబడదు. కావున జాగ్రత్త గర్భము తెలిసిన తరువాత కాదు, గర్భమునకు ముందే మొదలు కావలెను.

2. ఆకుకూరలోని ఆమ్లము: బొంబాయి మిల్లులనుండి భీమవరము బిడ్డవరకు

వెన్ను లోపమును చాలవరకు ఆపగల మందు ఒకటి ఉన్నది. దాని కథకు నేతపనివారికిని, తెలుగువారికిని సంబంధమున్నది.

లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో మన దేశమునకు వచ్చినది. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు బీద స్త్రీలకు గర్భముతో ఉన్నప్పుడు ఒక విధమైన తీవ్ర రక్తహీనత వచ్చుచుండెను. అనేకులు దానితో చనిపోవుచుండిరి. ఆమె వారి తిండిని, రక్తమును పరీక్షించి, ఈస్టునుండి తీసిన సారముతో ఆ జబ్బు నయమగునని కనుగొని 1931లో ప్రకటించినది. ఆ సారములో మేలు చేసిన పదార్థము ఏదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూరనుండి దానిని వేరుచేసిరి. లాటిను భాషలో ఆకుకు ఉన్న పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి.

ఆ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేయు పద్ధతి 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో తేలినది. అక్కడ పరిశోధనలకు నాయకత్వము వహించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరములో పుట్టి, 1948లో అమెరికాలో మరణించిన ఆ మహానుభావుని కృషివలననే ఈనాడు ఆ మందు చిన్న మాత్రగా తక్కువ వెలకు దొరకుచున్నది.

ఈ మాత్ర వెన్ను లోపమును ఆపునని ఆయనకు తెలిసే కాలము రాలేదు. అది 1991లో నిశ్చయముగా తేలినది. అంతకుముందు వెన్ను లోపముగల బిడ్డను కన్న స్త్రీలను ఏడు దేశములలో 33 కేంద్రములలో చేర్చుకొని పరీక్ష జరిపిరి. మరల గర్భము ధరించుటకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నవారిలో ఆ లోపము నూటికి 72 వంతులు తగ్గినది.

మన ప్రభుత్వ వైద్యశాఖ సలహా ఇది: గర్భము కోరు ప్రతి స్త్రీ ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనవలెను, మొదటి మూడు నెలలు ముగియువరకు మానరాదు. కనీసము ఒక నెల ముందు మొదలుపెట్టుట మంచిది. ఇంతకుముందు వెన్ను లోపముగల బిడ్డ పుట్టిన తల్లికి దీనికి పదింతల మోతాదు అవసరము. అది వైద్యుడు వ్రాసి ఇవ్వవలెను. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు తినుట మంచిదే. కాని ఎక్కువసేపు ఉడికించిన కూరలో ఈ ఆమ్లము చాల భాగము నశించును. అందువలన కూర తినుచున్నామని మాత్ర మానరాదు.

పెండ్లి కుదిరిన యింట చీరెలకు, సారెకు లెక్క వ్రాసికొందుము. ఆ చీటీలోనే ఈ మాత్రను కూడ వ్రాసికొనుడు. ఖర్చులో అది అన్నిటికంటె చిన్నది.

3. మందులు, జబ్బులు, పొగాకు

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడొమైడ్ అను నిద్రమాత్ర అమ్మకమునకు వచ్చినది. గర్భిణులకు వేవిళ్ళు తగ్గించునని అనేక దేశములలో ఇచ్చిరి. చేతులు లేకుండ, కాళ్ళు లేకుండ పదివేలకు పైగా బిడ్డలు పుట్టిన తరువాత 1961లో జర్మనీలో అమ్మకము ఆపిరి. తల్లులకు ఆ మాత్ర ఏ బాధయు కలిగించలేదు. అందువలననే ఎవరును అనుమానింపలేదు. కావున గర్భిణి, గర్భము కోరు స్త్రీ కూడ, తలనొప్పికైనను అంగడిలో తామే అడిగి మందు కొని మింగరాదు. మూర్ఛవ్యాధికి ఇచ్చు కొన్ని మందులు బిడ్డకు హాని చేయును. అట్లని తమంత తాము మానినచో తల్లి ప్రాణమునకే ముప్పు. గర్భమునకు ముందే వైద్యుని అడిగి మందు మార్పించుకొనవలెను. మగబిడ్డ పుట్టుటకని కొందరు ఇచ్చు పొడులు, గుళికలు ముట్టరాదు. ఆడయో మగయో తండ్రి బీజమునుబట్టి గర్భము నిలిచిననాడే నిర్ణయమగును. ఆ తరువాత దానిని మార్చు మందు లేదు.

1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ తనవద్దకు పుట్టు శుక్లముతో వచ్చు బిడ్డలు ఎక్కువగుట గమనించి తల్లులను విచారించెను. వారిలో చాలమందికి గర్భము తొలిదినములలో రుబెల్లా జ్వరము వచ్చియుండెను. పెద్దలకు రెండు మూడు దినముల జ్వరము, ఒంటిమీద సన్నని దద్దురు మాత్రమే. గర్భములోని బిడ్డకు కన్ను, చెవి, గుండె చెడగొట్టును. దీనికి టీకా ఉన్నది. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా ఉద్యమమును మన దేశములో మొదట కర్ణాటక, తమిళనాడు, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీపములలో మొదలుపెట్టిరి. ఇప్పుడు అన్ని రాష్ట్రములలో బిడ్డకు 9 నెలలు నిండినప్పుడు ఒకమారు, 16 నుండి 24 నెలల మధ్య మరియొకమారు వేయుచున్నారు. గర్భిణికి మాత్రము ఈ టీకా వేయరాదు. వేయించుకొన్న తరువాత ఒక నెలవరకు గర్భము రాకుండ చూచుకొనవలెను.

మధుమేహమున్న స్త్రీ గర్భమునకు ముందే చక్కెరను అదుపులోనికి తెచ్చుకొనవలెను. అదుపులేని చక్కెర బిడ్డ గుండెకు, వెన్నుకు చెరుపు చేయును. తల్లి పొగత్రాగుటవలన మొర్రి అపాయము పెరుగునని తేలినది. మన స్త్రీలు పొగత్రాగరు గాని, ఇంటి మగవారు మగ్గము ప్రక్కనే బీడీ ముట్టింతురు. ఆ పొగ గర్భిణికి తగులరాదు. షోలాపురములో బీడీలు చుట్టి ఇల్లు గడుపు మన ఆడపడుచులు వేలకొలది ఉన్నారు. గర్భముతో ఉన్నప్పుడు తంబాకు నోట వేసికొనుట, పళ్ళకు రుద్దుట మానవలెను. రంగులు కాచుచోట ఆవిరికి, రంగుపొడికి, సోడాకు కూడ గర్భిణి దూరముగా ఉండుట మేలు.

4. మేనరికము సంగతి

ఈ మాట కొందరికి కష్టముగా తోచవచ్చును. పరాయి భాషల నడుమ స్థిరపడిన మన కుటుంబములలో సంబంధము దొరకుట కష్టము. మేనమామకో, మేనబావకో ఇచ్చుటవలన పిల్ల కంటియెదుట ఉండును, ఆస్తి చీలదు, భాష పోదు. ఇవన్నియు నిజమే. కాని రక్తము సంగతి వేరు.

ప్రతి మనుష్యునిలోను పైకి కనబడని దోషములు కొన్ని దాగియుండును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున బిడ్డకు ప్రతి లక్షణమునకు రెండేసి పోగులు వచ్చునని యెంచుడు. ఒకటి చెడినను రెండవది నిలుపును. దంపతులు ఒకే తాత సంతతి అయినప్పుడు ఒకే చెడిన పోగు ఇరువైపులనుండి వచ్చు అవకాశము పెరుగును. మేనబావ మరదళ్ళ బిడ్డలో అట్లు రెండును ఒకటే అగు భాగము పదునారింట ఒకవంతు. మేనమామ మేనకోడళ్ళ బిడ్డలో ఎనిమిదింట ఒకవంతు. పుట్టుచెవుడు, కొన్ని రక్తవ్యాధులు, కొన్ని మెదడు జబ్బులు ఈ దారిన వచ్చును.

ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పదివేలకు పైగా బిడ్డలను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితము ఇది: సాధారణముగా నూటికి ముగ్గురుగా ఉన్న లోపములు పినతండ్రి, పెదతండ్రి, మేనత్త, మేనమామ బిడ్డలను పెండ్లాడినవారి సంతానములో నూటికి ఆరు. అనగా రెండింతలు. అయినను నూటికి తొంబదినలుగురు ఆరోగ్యముగానే పుట్టిరి. కాబట్టి మేనరికము చేసికొన్నవారిని నిందింపనక్కరలేదు, వారు భయపడనక్కరలేదు. కాని ఇంటిలో ఇదివరకే చెవిటిబిడ్డయో, కారణము తెలియక చనిపోయిన బిడ్డయో ఉన్నచో మరల ఆ యింటనే సంబంధము కలుపుటకు ముందు వైద్యుని సలహా అడుగుడు. మేనమామ సంబంధము మానుట అన్నివిధముల శ్రేయస్కరము.

5. పుట్టిన బిడ్డను ఎట్లు చూడవలెను

గర్భిణికి 18 నుండి 20 వారముల మధ్య తీయించు స్కాను పరీక్షలో పెద్ద లోపములు అనేకము కనబడును. దానిని తప్పింపరాదు. ఆ తరువాత కాన్పు అయిన దినముననే, స్నానము చేయించు పెద్దమ్మయైనను ఈ క్రిందివి చూడవలెను.

నోరు: పెదవి బాగున్నను అంగిలి చీలియుండవచ్చును. నోరు తెరిపించి వెలుతురులో చూడవలెను. వెన్ను: నడుము మీద ఉబ్బు, గుంట, వెండ్రుకల కుచ్చు ఉన్నదేమో చూడవలెను. పాదములు: లోపలికి తిరిగి బిగిసియున్నవా? మలద్వారము: ఉన్నదా? 24 గంటలలో నల్లని మలము వెడలినదా? కన్ను: నల్లగుడ్డు నడుమ తెలుపు కనబడుచున్నదా? రంగు: నాలుక, పెదవులు నీలముగా ఉన్నవా? పాలు త్రాగునప్పుడు రొప్పుచు చెమటపట్టుచున్నదా? నోటినుండి ఆగక నురుగు వచ్చుచు, పాలు పట్టగనే ఉక్కిరిబిక్కిరి అగుచున్నదా? అట్లయినచో మరల పాలు పట్టక తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను. వీనిలో మలద్వారము లేకపోవుట, నీలిరంగు, తెరచియున్న వెన్ను గంటలలో చూపవలసినవి, దినములు లెక్కపెట్టరాదు. తెరచిన వెన్నుపై పసుపు, నూనె, ఆకుపసరు రాయరాదు. శుభ్రమైన తడిగుడ్డ కప్పి తీసికొనిపోవలెను.

6. నయమగునవి ఎన్నో

మొర్రికి శస్త్రచికిత్స ఉన్నది. పెదవిని సాధారణముగా మూడవ నెలకు తరువాత, ఆరవ నెలలోపల కుట్టుదురు. బిడ్డకు తగిన బరువు, రక్తము ఉండవలెను. కనుక అంతవరకు పాలు చాలినంత పట్టుటే తల్లి చేయు వైద్యము. బిడ్డను పడుకోబెట్టి పట్టరాదు; తల ఎత్తి కూర్చుండబెట్టినట్లు పట్టుకొని, తల్లిపాలు పిండి చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో కొంచెము కొంచెముగా పోయవలెను. అంగిలిని ఏడాదినుండి ఏడాదిన్నర లోపల కుట్టించినచో మాట చక్కగా వచ్చును. ఆలస్యమైనకొలది మాట ముక్కులో పడును.

తిరిగిన పాదములకు పెద్ద శస్త్రచికిత్స అక్కరలేదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయములో పనిచేసిన ఇగ్నేసియో పోన్సెటి అను స్పెయిను దేశస్థుడు చూపిన పద్ధతి నేడు అంతట జరుగుచున్నది. పుట్టిన మొదటి వారములలో మొదలుపెట్టి, వారమునకొకసారి పాదమును మెల్లగా సవరించి కట్టు వేయుదురు. అయిదారు కట్లకు పాదము దారికి వచ్చును. మడమ నరము వద్ద చిన్న కోత చాలమందికి అవసరమగును. పిమ్మట కడ్డీతో కలిపిన జోళ్ళు మూడు నెలలు దినమునకు 23 గంటలు, తరువాత నాలుగేండ్లు వచ్చువరకు రాత్రిపూట తొడుగవలెను. పాదము బాగుపడినదిగదా అని తల్లిదండ్రులు జోళ్ళు మానుటవలననే అది మరల తిరుగుచున్నది.

2013లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును ప్రారంభించినది. పుట్టినప్పటినుండి 18 ఏండ్లవరకు పిల్లలను ఉచితముగా పరీక్షించి, మొర్రి, తిరిగిన పాదము, వెన్ను లోపము, గుండెజబ్బు, పుట్టుచెవుడు, పుట్టు శుక్లము మొదలగువానికి ఉచిత చికిత్సకు పంపుట దాని పని. ఆశా కార్యకర్తనుగాని, అంగన్‌వాడీలోగాని, జిల్లా ఆసుపత్రిలోగాని ఈ కార్యక్రమము పేరు చెప్పి అడుగుడు. మనము ఏ రాష్ట్రములో ఉన్నను ఇది మన హక్కు. ఆసుపత్రి చీటీ మరాఠీలోనో, కన్నడములోనో, అరవములోనో, ఒడియాలోనో ఉండును. ఇంటి పెద్ద స్త్రీలకు అది చదువరాదు. బడికి పోవు పిల్లలచేత దానిని తెలుగులో చెప్పించుకొనుడు. చీటీ అర్థముగాక మరల ఆసుపత్రికి పోవు తేది తప్పిన బిడ్డలు ఉన్నారు.

7. ముగింపు

మొదట చెప్పిన బిడ్డకు అయిదవ నెలలో పెదవి కుట్టిరి. తొట్టెకు కట్టిన చీరను అత్తగారే విప్పినది. ఆలస్యముగానైనను బారసాల చేసిరి. బిడ్డడు నేడు బడికి పోవుచున్నాడు. పెదవిమీద సన్నని గీత తప్ప వేరు గుర్తు లేదు. అతుకు వేసిన పోగు వంటిది అది. తెలిసినవాడు వెదకిన గాని కనబడదు. కాని ఆ తల్లి పడిన మొదటి నెల దుఃఖమును ఏ వైద్యుడును కుట్టలేడు. అది పడనవసరములేని దుఃఖము.

జ్ఞాపకముంచుకొనవలసినవి:

ఒకటి, గర్భమునకు ఒక నెల ముందునుండియే ఫోలిక్ ఆమ్లపు మాత్ర. రెండు, వైద్యుని అడుగక ఏ మందును వలదు. మూడు, ఆడపిల్లకు చిన్ననాడే రుబెల్లా టీకా. నాలుగు, రక్తసంబంధము కలుపుటకు ముందు ఇంటి చరిత్ర విచారించుట. అయిదు, పుట్టిననాడే బిడ్డను తలనుండి పాదములవరకు చూచుట. ఆరు, లోపము కనబడినచో దాచక, తల్లిని నిందింపక, వెంటనే వైద్యునికి చూపుట.

మగ్గము ఆపిన వేళ ఈ పాఠమును ఇంటిలోని ఆడవారికి చదివి వినిపింపవలెనని మనవి. మగవారు కూడ కూర్చుండి వినవలెను.